అరిటాకుకు మాత్రమే పాఠం చెబుతున్నామా?



ముల్లు వచ్చి అరిటాకు మీద పడినా, అరిటాకు వెళ్ళి ముల్లు మీద పడినా చిరిగేది అరిటాకే అన్న సామెత మనకందరికీ తెలిసినదే. ఆడపిల్ల గడప దాటే ప్రతిసారీ మన నాయనమ్మలు, అమ్మమ్మలు ఈ మాట గుర్తు చేసేవారు. ప్రేమతోనే చేసేవారు. ఇప్పటికీ చాలా ఇళ్ళలో ఈ మాట వినిపిస్తూనే ఉంది. కాని ఒక్క విషయం గమనించారా? ఈ సామెతను మనం కూతురికి చెబుతాం. కొడుకుకు చెప్పం. అరిటాకుకు పాఠం మీద పాఠం చెప్పాం. ముల్లును పిలిచి ఒక్క మాటైనా అడిగామా? ఈ వారం మన కుటుంబాలలో ఈ ప్రశ్న గురించి కలిసి యోచించుదాం.

1. మారిన ప్రయాణం

ఇరవై, ముప్పై ఏళ్ళ క్రితం సూళ్లూరుపేట ఆడపిల్ల ప్రయాణమంటే బడికి, పండుగకు, పెళ్ళికి. అదీ తండ్రో అన్నో తోడుంటేనే. నేటి పరిస్థితి వేరు. తెల్లవారకముందే శ్రీసిటీకి, మాంబట్టుకు కంపెనీ బస్సులు బయలుదేరుతాయి. సెల్‌ఫోన్లు తయారుచేసే చోట, బూట్లు కుట్టే చోట పనిచేసేవారిలో అధికులు మన ఆడపిల్లలే. షిఫ్టు ముగిసి రాత్రివేళ హైవే మీద దిగి, అక్కడి నుంచి ఆటోలోనో నడిచో ఊరు చేరేవారు ఎందరో. చెన్నైకి లోకల్ రైలులో వెళ్ళి చదువుకొనేవారు, ఉద్యోగం చేసేవారు ఉన్నారు. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. దానితో బయటికి వెళ్ళే ఆడవారి సంఖ్య ఇంకా పెరిగింది.

మన ఊళ్ళో షేర్ ఆటోయే రాజ్యం. కాని మన పిల్లలు చెన్నైలో, బెంగుళూరులో, హైదరాబాదులో అడుగు పెట్టగానే ఫోనులో బండి పిలిపించుకొంటున్నారు. ఓలా, ఊబర్, ర్యాపిడో అనే పేర్లు ఇప్పుడు మన అవ్వాతాతలకు కూడ తెలుసు. ఇందులో సౌకర్యం ఉంది. ఎవరు వస్తున్నారో, ఏ బండో ముందే తెలుస్తుంది. అయినా ఎన్నడూ చూడని మనిషి నడిపే బండిలో, తలుపులు మూసుకొని, తెలియని దారిలో ఒంటరిగా కూర్చోవడం ఆడపిల్లకు చిన్న విషయం కాదు. మగవాడు బండి ఎక్కి కునుకు తీస్తాడు. ఆమె మాత్రం దారి చూస్తూ, ఫోను చేతిలో పట్టుకొని, అమ్మతో మాట్లాడుతున్నట్లు నటిస్తూ కూర్చుంటుంది. ఇద్దరూ ఇచ్చే బాడుగ ఒక్కటే. ఇద్దరి ప్రయాణమూ మాత్రం ఒక్కటి కాదు.

2. మన నేల నేర్చుకొన్న చేదు పాఠాలు

ఈ భయం ఊరికే పుట్టినది కాదు. నాలుగు సంఘటనలు జ్ఞాపకం చేసుకొందాం. బాధితుల పేర్లు చెప్పడం లేదు. అత్యాచార బాధితురాలి వివరాలు బయటపెట్టడం చట్టరీత్యా నేరం. అంతకు మించి, అది ఆ కుటుంబాల గౌరవానికి సంబంధించిన విషయం.

2013 అక్టోబరు 18 సాయంత్రం. హైదరాబాదు మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఇంటికి వెళ్ళడానికి బండి కోసం నిలబడింది. ఒక కారు ఆగింది. అద్దె కారే అనుకొని ఎక్కింది. నడిపేవాడు, వాడి స్నేహితుడు కలిసి ఆమెను ఎత్తుకుపోయి అత్యాచారం చేశారు. పత్రికలు దీనిని 'అభయ' కేసు అన్నాయి. 2014 మేలో కోర్టు ఇద్దరికీ 20 ఏళ్ళ జైలుశిక్ష వేసింది. ఆ ఏడాది అక్టోబరులో హైదరాబాదులో పోలీసులు షీ టీములు ప్రారంభించారు.

2014 జనవరి. మచిలీపట్నానికి చెందిన 23 ఏళ్ళ అమ్మాయి క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చి, తిరిగి ముంబయిలో ఉద్యోగానికి బయలుదేరింది. 5వ తేదీ తెల్లవారుజామున అక్కడ రైలు దిగింది. హాస్టలు చేరలేదు. 16వ తేదీన హైవే పక్క పొదల్లో ఆమె మృతదేహం దొరికింది. ఇంటి దగ్గర దింపుతానని నమ్మించి ఒకడు బండి ఎక్కించుకొన్నాడని పోలీసులు కేసు పెట్టారు. 2015లో కోర్టు అతడికి ఉరిశిక్ష వేసింది. 2025 జనవరి 28న సుప్రీంకోర్టు సాక్ష్యం చాలదని అతడిని విడుదల చేసింది. అంటే పదకొండేళ్ళ తరువాత కూడ ఆ తల్లిదండ్రులకు జవాబు దొరకలేదు.

అదే ఏడాది డిసెంబరు 5న ఢిల్లీలో ఊబర్ కారులో ఇంటికి వెళుతున్న యువతిపై డ్రైవరే అత్యాచారం చేశాడు. వాడి మీద అంతకుముందే కేసులున్నాయని, చూపిన సత్ప్రవర్తన పత్రం దొంగదని తరువాత తేలింది. 2015 నవంబరులో యావజ్జీవ శిక్ష పడింది. ఇంటి వాళ్ళకు ప్రయాణాన్ని ఫోనులో చూపించే ఏర్పాటు, ఆపద బటను వంటివాటికి ఇక్కడ ప్రాధాన్యం పెరిగింది ఆ ఘటన తరువాతనే.

ఇక 2019 నవంబరు 27. శంషాబాదు సమీపంలో తొండుపల్లి టోల్ ప్లాజా దగ్గర ఒక పశువైద్యురాలు స్కూటరు నిలిపి వెళ్ళి వచ్చేసరికి టైరులో గాలి లేదు. సాయం చేస్తామని వచ్చినవారే కాలయములయ్యారు. చెల్లెలికి ఫోను చేసి భయంగా ఉందని చెప్పింది కూడ. ఆ రాత్రి తల్లిదండ్రులు ఫిర్యాదు చేయబోతే, ఇది మా పరిధి కాదంటూ ఒక స్టేషను నుంచి మరొక స్టేషనుకు తిప్పారు. దేశమంతా ఆమెను 'దిశ' అని పిలుచుకొంది. నిందితులు నలుగురూ డిసెంబరు 6న పోలీసు కాల్పుల్లో చనిపోతే జనం మిఠాయిలు పంచుకొన్నారు. ఆ కాల్పులు పోలీసులు చెప్పినట్లు జరగలేదని 2022లో జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ తేల్చింది. మిఠాయిలు అయిపోయాయి. రాత్రిపూట రోడ్డు మాత్రం అలాగే ఉంది.

ఈ నలుగురిలో ఎవరూ నిర్లక్ష్యంగా ఉన్నవారు కారు. ఇంటికో హాస్టలుకో చేరుకోవడానికి బయలుదేరినవారు. 'ఆ వేళప్పుడు అక్కడెందుకుంది?' అని ఆమెను అడగడం సులభం. 'వాడు అక్కడెందుకున్నాడు?' అని ఎవరూ అడగరు.

3. సామెతలో రెండు పొరపాట్లు

ఇప్పుడు మన సామెతను మరొకసారి పరిశీలిద్దాం. అందులో రెండు పొరపాట్లున్నాయి.

మొదటిది ముల్లు సంగతి. ముల్లుకు బుద్ధి లేదు, ఇచ్ఛ లేదు. గుచ్చడం దాని స్వభావం. దానిని తప్పుపట్టలేం. మగవాడు ముల్లు కాడు. దేవుడు అతనికి బుద్ధిని, స్వేచ్ఛను ఇచ్చాడు. కోరిక కలిగినా కాదనగల శక్తి ఇచ్చాడు. ఆ శక్తి ఉన్నందువలననే అతను మనిషి. 'మగబుద్ధి అంతే, మనమే జాగ్రత్తగా ఉండాలి' అని మనం అనేటప్పుడు ఆడపిల్లకు అన్యాయం చేస్తున్నాం. మన కొడుకులను కూడ అవమానిస్తున్నాం. నీవు మనిషివి కావు, ముల్లువు అని వాళ్ళకు నేర్పుతున్నాం. అలా నేర్చిన పిల్లవాడు అలాగే పెరిగితే ఆశ్చర్యమేముంది? క్రీస్తు ప్రభువు పర్వత ప్రసంగంలో కామదృష్టి గురించి మాట్లాడినప్పుడు స్త్రీని ముసుగు వేసుకోమనలేదు. చూసేవాని కంటిని గురించే, చేతిని గురించే హెచ్చరించాడు. భారం ఎవరి మీద మోపాడో గమనించండి.

రెండవది ఆకు సంగతి. ఆకు చిరిగితే విస్తరికి పనికిరాదు, పారవేస్తాం. ఆడపిల్ల ఆకు కాదు. ఆమెకు జరిగిన అన్యాయంతో ఆమె విలువ పోదు. ఇది నేటి కాలపు కొత్త మాట అనుకోవద్దు. క్రీ.శ. 410లో శత్రువులు రోము నగరాన్ని కొల్లగొట్టినప్పుడు ఎందరో క్రైస్తవ స్త్రీలు బలాత్కారానికి గురయ్యారు. వారు పవిత్రత కోల్పోయారని కొందరు ఎగతాళి చేశారు. పునీత అగస్తీనువారు 'దేవుని నగరం' అనే తమ గొప్ప గ్రంథంలో మొదటి భాగంలోనే వారికి జవాబిచ్చారు. పవిత్రత మనస్సుకు, ఇచ్ఛకు సంబంధించినది. ఒకరి ఇష్టం లేకుండ ఇతరులు వారి శరీరానికి చేసిన పాపం చేసినవానిదే గాని వారిది కాదు అని ఆయన వాదించారు. పదహారు వందల ఏళ్ళ నాడు శ్రీసభ పండితుడు చెప్పిన ఈ మాట మన వీధిలోకి ఇంకా రాలేదు. ఈనాటికీ మనం 'పిల్ల పాడైపోయింది' అంటున్నాం. పాడైనది ఆ చేసినవాడు.

4. బయటివాడేనా?

క్యాబు డ్రైవరును, ఆటోవాణ్ణి, దారిలో కనబడే అపరిచితుణ్ణి చూసి భయపడతాం. సహజమే. కాని ప్రభుత్వ నేరగణాంకాలు ఏటా ఒకే మాట చెబుతున్నాయి. మన దేశంలో నమోదయ్యే అత్యాచార కేసులలో 90 శాతానికి పైగా నిందితుడు బాధితురాలికి ముందే తెలిసినవాడు. చుట్టమో, పొరుగువాడో, స్నేహితుడో, పనిచేసే చోటి పెద్దో.

పరిశుద్ధ గ్రంథం ఈ సత్యాన్ని దాచలేదు. సమూవేలు రెండవ గ్రంథం 13వ అధ్యాయం చదవండి. దావీదు కుమార్తె తామారును చెరచినది సవతి అన్న అమ్నోను. జబ్బు నటించి, వంట చేసి పెట్టమని పిలిపించుకొన్నాడు. మరొక అన్న అబ్షాలోము ఆమెను ఊరుకోమన్నాడు, వాడు నీ అన్న గదా అన్నాడు. తండ్రి దావీదు కోపించాడే గాని ఏమీ చేయలేదు. ఆమె అన్న ఇంట్లో దిక్కులేనిదై ఉండిపోయింది. ఆ మౌనం నుంచి తరువాత ఎంత రక్తపాతం వచ్చిందో ఆ గ్రంథమే చెబుతుంది.

దానియేలు గ్రంథం 13వ అధ్యాయంలో సూసన్న కథ ఉంది. ఆమెను బెదిరించినవారు ఊరి పెద్దలు, న్యాయాధిపతులు. ఆమె కేకలు వేసింది. పెద్దమనుషులు చెప్పారు గనుక సభ వారినే నమ్మింది. దానియేలు అనే యువకుడు లేచి, ఇద్దరినీ వేరు వేరుగా విచారించి అబద్ధాన్ని బయటపెట్టాడు. ఆమెను కాపాడినది ఏమిటి? ఆమె చెప్పినది కొట్టివేయకుండ విచారించడానికి ఒక మగవాడు ముందుకు రావడమే.

పునీత మరియ గొరెట్టి సంగతీ అంతే. 1902లో పదకొండేళ్ళ ఆ బాలికను పొడిచినవాడు దారినపోయే దొంగ కాడు, అదే ఇంట్లో కాపురమున్న మరొక కుటుంబపు యువకుడు. ఈ కథను మనం ఆడపిల్లలకు చెబుతుంటాం. ఇకనుంచి మగపిల్లలకు చెబుదాం. ఆ యువకుడు 27 ఏళ్ళు జైలులో ఉండి, పశ్చాత్తాపపడి, ఆ తల్లి కాళ్ళ దగ్గరకు వచ్చి క్షమాపణ అడిగాడు. క్షమ దొరికింది. కాని పోయిన ప్రాణం తిరిగి రాలేదు.

కనుక బాబాయి అయినా, ట్యూషను మాస్టరయినా, ఉపదేశి అయినా, గురువైనా సరే, పదవి చూసి పిల్ల మాటను తోసిపుచ్చకండి. శ్రీసభలో జరిగే ఇటువంటి తప్పులను తెలియజేయడానికి ప్రతి మేత్రాసనంలో ఏర్పాటు ఉండాలని పోపు ఫ్రాన్సిస్‌గారు 2019లోనే శాసనం చేశారు.

5. చెబితే పని మాన్పిస్తారు

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మన ఇళ్ళలో సాధారణంగా జరిగేది ఇది. అమ్మాయి ఇంటికి వచ్చి, "షేర్ ఆటోలో పక్కన కూర్చున్నవాడు పదే పదే చెయ్యి తగిలిస్తున్నాడమ్మా" అంటుంది. తండ్రి వింటాడు. ఆయనకు గుండె మండిపోతుంది. "రేపటినుంచి కంపెనీకి పోవద్దు. నీ జీతం మీద బతకాల్సిన ఖర్మ మాకేం లేదు" అంటాడు. నెల తిరక్కముందే సంబంధాలు చూడడం మొదలవుతుంది. తండ్రి ప్రేమతోనే అన్నాడు. కాని ఆలోచించండి, శిక్ష ఎవరికి పడింది? చెయ్యి తగిలించినవాడు మరునాడూ అదే ఆటో ఎక్కాడు. మన బిడ్డ ఇంట్లో కూర్చుంది. ఆమె జీతం, చదువు, నలుగురిలో ధైర్యం అన్నీ పోయాయి.

ఇది చూసిన చెల్లెలు ఏమి నేర్చుకొంటుంది? నోరు మూసుకోవడం నేర్చుకొంటుంది. రేపు ఆమెకు ఇంతకంటె పెద్ద ఆపద వచ్చినా ఇంట్లో చెప్పదు. ఒకడు రోజూ వెంటబడినా, ఫోటో పెట్టి బెదిరించినా చెప్పదు. వాడికి కావలసినది సరిగ్గా అదే. ఆమె మౌనమే వాడి బలం. మన కోపం, మన భయం కలిసి ఆ బలాన్ని వాడికి అందిస్తున్నాయి.

బిడ్డ చెప్పినప్పుడు తల్లిదండ్రులు మూడు మాటలు అలవాటు చేసుకోండి. ఒకటి, "ఇది నీ తప్పు కాదు." రెండు, "చెప్పి మంచి పని చేశావు." మూడు, "ఇప్పుడేం చేద్దామో నువ్వు చెప్పు, మేము నీ వెంట ఉంటాం." ఆ తరువాతనే మిగిలిన సలహాలు. ఈ మూడు మాటలున్న ఇంటి ఆడపిల్ల ఎంత దూరం వెళ్ళినా ఒంటరిది కాదు.

6. జాగ్రత్త వేరు, నింద వేరు

అయితే జాగ్రత్తలే వద్దా, అని కొందరు అడగవచ్చు. వివేకం గొప్ప సుగుణమని పునీత థామస్ అక్వినాసువారు బోధించారు. ఇంటికి తాళం వేయడం వివేకం. దొంగతనం జరిగాక 'తాళం చిన్నది, తప్పు నీదే' అని ఇంటివారిని తిట్టడం అన్యాయం. జాగ్రత్త ప్రయాణానికి ముందు చెప్పేది. నింద జరిగిన తరువాత వేసేది. మొదటిది చేయండి. రెండవది చేయకండి.

ఫోనులో పిలిచిన బండి వచ్చినప్పుడు ముందు నంబరు పలక, డ్రైవరు ఫోటో సరిచూసుకోవాలి. "ఫలానా పేరు మీదేనా?" అని మనం చెప్పకూడదు. "ఎవరి కోసం వచ్చారు?" అని అతన్నే అడగాలి. ఫోనుకు వచ్చిన అంకెలు బండి సరైనదని తేలిన తరువాతే చెప్పాలి. 'యాప్ వద్దు, నేరుగా తక్కువకే తీసుకుపోతాను' అంటే ఒప్పుకోవద్దు. యాప్‌లో లేని ప్రయాణానికి జాడ ఉండదు. కారులో వెనుక సీటులో కూర్చోవాలి. ప్రయాణం వివరాలు ఇంటివారికి పంపాలి. ఇంటివారు కూడ పంపించుకొని ఊరుకోకుండ, చేరేవరకు చూస్తూ ఉండాలి. దారిలో మరొక మనిషిని ఎక్కించుకోబోతే వెలుతురు, జనం ఉన్న చోట దిగిపోవాలి. 2019 జనవరి 1 నుంచి కొత్తగా వచ్చే ట్యాక్సీలు, బస్సులలో ఆపద బటను ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. ఆటోలకు, ద్విచక్ర వాహనాలకు అప్పుడు మినహాయింపు ఇచ్చారు. కనుక వాటిలో వెళ్ళేటప్పుడు చేతిలోని ఫోనే ఆధారం.

ఈ అంకెలు పిల్లలకే గాదు, అవ్వలకూ కంఠస్థం కావాలి. ఏ ఆపదకైనా 112. మహిళల సహాయానికి 181. పిల్లల కోసం 1098. రైలులో 139. మన రాష్ట్ర పోలీసులు 2025 మార్చిలో 'శక్తి' యాప్ తెచ్చారు. దానిని ఫోనులో పెట్టుకొని, ఎలా వాడాలో ఇంట్లో ఒకసారి చేసి చూడండి.

చట్టం సంగతి కూడ కొంత తెలుసుకొందాం. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులో ఉంది. ఇష్టం లేదని చెప్పినా స్త్రీని వెంటాడటం, పదే పదే ఫోను చేయడం 78వ సెక్షను ప్రకారం నేరం. మొదటిసారికే మూడేళ్ళ వరకు శిక్ష పడవచ్చు. ఇక 'మా పరిధి కాదు' అని ఏ పోలీసు స్టేషనూ తిప్పి పంపడానికి వీలులేదు. సంఘటన ఎక్కడ జరిగినా ఫిర్యాదు నమోదు చేసుకొని తరువాత సంబంధిత స్టేషనుకు పంపాలి. దీనినే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. కంపెనీలో పనిచేసే తల్లులు, చెల్లెళ్ళు ఇంకొకటి తెలుసుకోవాలి. 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. కంపెనీ ఏర్పాటు చేసిన బస్సు, వ్యాను కూడ ఆ చట్టం దృష్టిలో పనిచేసే చోటే. బస్సులో జరిగినది మా పూచీ కాదని యాజమాన్యం అనడానికి లేదు. సాధారణంగా మూడు నెలలలోపు ఫిర్యాదు ఇవ్వాలి.

7. బండి నడిపే అన్నలకు ఒక మాట

మన విచారణలలో ఆటోలు, క్యాబులు నడిపేవారు చాలామంది ఉన్నారు. ఎండలో, వానలో, అప్పు మీద కొన్న బండితో కుటుంబాన్ని లాక్కొస్తున్న కష్టజీవులు. ఒకడు చేసిన దుర్మార్గానికి మీ అందరినీ అనుమానించడం న్యాయం కాదు. 'నేను మంచివాణ్ణే గదా, నన్నెందుకు అలా చూస్తుంది?' అని మీకు బాధ కలగడం సహజం.

కాని అన్నా, ఆమె వైపు నుంచి చూడు. నీవు మంచివాడవని నీకు తెలుసు. ఆమెకు తెలిసే దారేది? నీ మనస్సు ఆమెకు కనబడదు. కనబడేది నీ వెనుక తల, అద్దంలో నీ కళ్ళు, బండి పోతున్న దారి. ఆమె నంబరు ఫోటో తీసుకొంటే నీ మీద ఫిర్యాదు అనుకోవద్దు. రేపు నీ కూతురు పరాయి ఊళ్ళో బండి ఎక్కేటప్పుడు నీవే చెప్పే జాగ్రత్త అది.

నీ మంచితనం ఆమెకు కనబడేలా చేయడం నీ చేతుల్లో ఉంది. అద్దం రోడ్డు చూడడానికి తిప్పుకో, ఆమె ముఖం చూడడానికి కాదు. పెళ్ళయిందా, ఒక్కదానివే ఉంటావా వంటి ప్రశ్నలు అడగవద్దు. దారి మార్చవలసి వస్తే ఎందుకో ముందే చెప్పు. స్నేహితుణ్ణి పక్కన ఎక్కించుకోవద్దు. షేర్ ఆటోలో ఆడవారిని మగవారి మధ్య ఇరికించి కూర్చోబెట్టవద్దు. కిరాయి కోసం దొరికిన ఫోను నంబరు కిరాయితోనే అయిపోవాలి. రాత్రివేళ ఆమె గేటు తీసుకొని లోపలికి పోయేదాకా దీపం వేసి ఒక్క నిమిషం ఆగు. ఆ ఒక్క నిమిషానికి డీజిలు ఖర్చు కాదు, పుణ్యం వస్తుంది. ప్రయాణికుల పాలక పునీతుడైన క్రిస్టఫరుగారి బొమ్మ చాలామంది బండ్లలో ఉంటుంది. ఏటి ఒడ్డున నిలబడి, ఎవరో తెలియని బిడ్డను భుజం మీద మోసి అవతలి ఒడ్డుకు క్షేమంగా చేర్చాడని ఆయన గురించి చెబుతారు. మోసినది ప్రభువునే అని ఆయనకు తరువాత తెలిసింది. నీ వృత్తి కూడ అదే.

ఇక ఈ వృత్తిలోకి ఆడవారు కూడ వస్తున్నారు. ఆటో నడిపే అక్కలను నగరాలలో చూస్తున్నాం. వారికి భయం రెండింతలు. ఎక్కేవాడు ఎవరో తెలియదు, ఎక్కడికి తీసుకుపొమ్మంటాడో తెలియదు. తాగి ఎక్కి మాటలు విసిరేవాళ్ళు, దిగాక ఫోన్లు చేసేవాళ్ళు ఉంటారు. స్టాండులో వెక్కిరించే తోటి డ్రైవర్లూ ఉంటారు. ప్రయాణికుడిగా కూర్చున్న మగవాడికి కూడ ఇదే ఆత్మశోధన వర్తిస్తుంది. డబ్బు ఇచ్చి కొనుక్కొన్నది ప్రయాణాన్ని మాత్రమే. నడిపే మనిషిని కాదు.

8. మిగిలిన మనం

తాము తప్పు చేయనంత మాత్రాన మంచి మగవారి బాధ్యత తీరిపోదు. మంచి సమరీయుని ఉపమానంలో యాజకుడు, లేవీయుడు ఆ గాయపడినవాణ్ణి కొట్టలేదు. పక్కనుంచి వెళ్ళిపోయారు, అంతే. షేర్ ఆటోలో ఒక అమ్మాయి ముడుచుకొని కూర్చుంటే కనబడుతుంది గదా? "ఏమ్మా, ఇటు వచ్చి కూర్చో" అని ఒక్క పెద్దాయన అంటే చాలు. టీ కొట్టు దగ్గర స్నేహితుడు దారినపోయే పిల్లను చూసి వెకిలిమాట అంటే నవ్వకుండ ఉంటే చాలు. ఆ నవ్వే వాడికి ధైర్యం. నవ్వు రాకపోతే రెండోసారి అనడు.

విచారణగా కూడ మనం చేయగలిగినది ఉంది. క్రిస్మస్, పాస్కా జాగరణ పూజలు ముగిసే వేళకు అర్ధరాత్రి దాటుతుంది. ఒంటరిగా వచ్చిన స్త్రీలు ఎలా ఇల్లు చేరుతున్నారో యువజన సంఘం చూసుకోవాలి. గుడి నుంచి రోడ్డు వరకు దీపం వెలుగుతున్నదా చూడాలి. మరియదళం సోదరీమణులు నెలకొకసారి కంపెనీలకు వెళ్ళే ఆడపిల్లలతో కూర్చొని వారు చెప్పేది వినాలి. భద్రమైన అభ్యంగన సిద్ధపాటులో మగపిల్లలకు ఈ పాఠం విడిగా చెప్పాలి. స్త్రీల మీద జరిగే లైంగిక హింసను గట్టిగా ఖండించాలని రెండవ జాన్ పాల్ పాపుగారు 1995లో స్త్రీలకు వ్రాసిన లేఖలో కోరారు. ఆ ఖండన పీఠం మీదనుంచి వినబడితే చాలదు, మన ఆటో స్టాండు దాకా రావాలి.

కొడుకులున్న తల్లులకు ఒక మనవి. అమ్మాయి ఆలస్యంగా వస్తే ఎక్కడికి పోయావని అడుగుతారు. అబ్బాయి ఆలస్యంగా వస్తే అన్నం పెడతారు. ఇకనుంచి అన్నం పెట్టండి, అడగండి కూడ. ఎక్కడున్నావు, ఎవరితో ఉన్నావు, ఫోనులో ఏం చూస్తున్నావు అని ఇద్దరినీ సమానంగా అడిగే ఇంట్లో ముళ్ళు పెరగవు. మనుషులు పెరుగుతారు.

కుటుంబంలో చర్చించుకోవడానికి

1. మన ఇంటి ఆడవారు ప్రయాణంలో పడిన ఇబ్బంది ఎప్పుడైనా మనతో చెప్పారా? చెప్పకపోతే కారణం ఏమిటి?
2. ఈ విషయంలో మన కొడుకులకు మనం ఇంతవరకు చెప్పినది ఏమిటి?
3. 112, 181, 1098, 139 అనే అంకెలు ఇంట్లో ఎంతమందికి నోటికి వచ్చు?
4. సూసన్న పక్షాన దానియేలు లేచినట్లు, ఈ నెలలో మనం ఎవరి పక్షాన నిలబడగలం?

ఈ ఆదివారం రాత్రి భోజనాల తరువాత టీవీ కట్టివేసి, ఒక్క అరగంట కలిసి కూర్చోండి. ముందుగా ఆడపిల్లలను మాట్లాడనివ్వండి. మగవారు వినండి. సగం భద్రత అక్కడే మొదలవుతుంది.

ప్రభువు మీ రాకపోకలను కాపాడునుగాక!